నోట్లోనే ఆడుతోంది, పేరు!



కిందటి మాఘమాసంలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర ఎదురు పంక్తిలో కూర్చున్నావిడ నా వంక చూసి నవ్వింది. పదేళ్లపాటు మా పక్కవాటాలో వున్న మనిషి. ఆవిడ వంకాయ కూరలో ఏ పొడి వేసేదో నాకు తెలుసు. వాళ్ల పెద్దబ్బాయి ఇంటరు తప్పినప్పుడు ఎన్నాళ్లు సరిగా అన్నం తినలేదో తెలుసు. పేరు మాత్రం రాలేదు! పక్కనే మా కోడలు కూర్చుని వుంది. పరిచయం చెయ్యాలి కదా. "వీరు..." అని ఆగిపోయాను. 'వ'తో మొదలయ్యే పేరని తెలుస్తోంది. కాస్త పొడుగాటి పేరని కూడా తెలుస్తోంది. వరలక్ష్మా? కాదు. వసుంధరా? కాదు. కాదని తెలుస్తూనే వుంది, అయినా మాటిమాటికీ ఆ వరలక్ష్మే వచ్చి అడ్డంగా నిలబడుతోంది. చివరికి "వీరు మన పాత ఇంటి దగ్గరి పిన్నిగారు" అని తప్పించుకున్నాను. ఆవిడ కనిపెట్టే వుంటుంది.

మర్నాడు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ రేడియో వింటున్నాను. వాతావరణం చెబుతూ "విశాఖపట్నంలో..." అన్నారు. అంతే! "విశాలాక్షి!" అని పైకే అరిచాను. గిన్నెలు తోముతున్న పనిమనిషి హడలిపోయింది.

మీలో చాలామందికి ఇది అనుభవమే కదూ? పైకి నవ్వేసి వూరుకుంటాం గాని లోపల ఒక గుబులు మొదలవుతుంది. నాకు మతి పోతోందా? ఫలానావారి తల్లిగారికి చివరికి కన్నబిడ్డలే గుర్తులేకుండా పోయారట, నాకూ అది రాబోతోందా? ఈ గుబులు గురించే ఇవాళ మీతో మాట్లాడదామనుకున్నాను. ఎందుకంటే, మాట రాకపోవడం వల్ల జరిగే నష్టం కంటే ఈ గుబులు వల్ల జరిగే నష్టమే ఎక్కువని నేను మా ఇంట్లోనే చూశాను. ఆ సంగతి కాసేపాగి చెబుతాను.

మనం దీన్ని "నోట్లో ఆడుతోంది", "నాలుక చివరే వుంది" అంటాం. ఇది మన ఒక్క భాషలోనే కాదండోయ్. బెనెట్ ష్వార్జ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 51 భాషలు మాట్లాడేవారిని వాకబు చేసి 1999లో ప్రకటించాడు. వాటిలో 45 భాషలవాళ్లు ఈ అనుభవానికి నాలుకనే సాక్షిగా పెట్టుకున్నారట! అంటే ఇది మనిషి పుట్టుకతో వచ్చిన వ్యవహారమే తప్ప మీకో నాకో పట్టిన రోగం కాదు. అసలు 1890లోనే విలియమ్ జేమ్స్ అనే పండితుడు దీని గురించి రాస్తూ, మరచిపోయిన పేరు ఉండే చోటు మనసులో వట్టి ఖాళీ కాదని, ఆ ఖాళీకి కూడా ఒక ఆకారం వుంటుందని చెప్పాడు. వరలక్ష్మి కాదని నాకు తెలియడం ఆ ఆకారం వల్లనే. చెవిలీకి సరిపోని చెంపసరాలు సరిపోలేదని చెయ్యి తగలగానే తెలియదూ, అలాగ.

1966లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు దీన్ని పరీక్షకు పెట్టారు. విద్యార్థులకు కొన్ని అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, మాట చెప్పమన్నారు. కొందరికి మాట వచ్చింది. కొందరికి అసలు తెలియదు. కొందరు మాత్రం మనలాగే గిలగిల్లాడారు. ఆ గిలగిల్లాడే వాళ్లను "పోనీ మొదటి అక్షరం చెప్పండి, ఎన్ని పలుకుల మాటో చెప్పండి" అని అడిగితే, సగానికి పైగా సందర్భాల్లో సరిగ్గా చెప్పారు! మాట రాలేదుగాని దాని గుమ్మం దాకా వెళ్లారన్నమాట. పైగా వాళ్లంతా ఇరవై ఏళ్ల కుర్రవాళ్లని మర్చిపోకండి.

ఇంతకీ లోపల జరిగేదేమిటి?

మాట అన్నది మెదడులో ఒకే ముద్దగా ఒకచోట కూర్చుని వుండదు. దాని అర్థం వేరు, దాని శబ్దం వేరు. 'జల్లెడ' అనే మాట తీసుకోండి. అది గుండ్రంగా వుంటుందని, చిల్లులుంటాయని, పిండి జల్లించడానికని, చాట పక్కన గోడకు వేలాడుతుందని, చిన్నప్పుడు దాన్ని తలమీద పెట్టుకుని అమ్మ చేత తిట్లు తిన్నామని, ఇలా అర్థం వైపు ఎన్నెన్నో దారాలు వచ్చి కలుస్తాయి. ఒక దారం తెగినా మిగతావి పట్టుకుని వుంటాయి. కాని ఆ వస్తువు నుంచి 'జల్లెడ' అనే శబ్దానికి వెళ్లే దారం ఒక్కటే. అది నీరసించిందా, వస్తువు కళ్లముందు కనబడుతూనే వుంటుంది, మాట నోటికి రాదు. బావిలో నీళ్లు నిండుగానే వున్నాయి. చేంతాడే నీళ్ల దాకా అందడం లేదు.

ఈ సంగతిని 1991లో కాలిఫోర్నియాకు చెందిన డెబొరా బర్క్, డొనాల్డ్ మెకే, వారి తోటివారు శాస్త్రీయంగా వివరించారు. చేంతాడు నీరసించడానికి వాళ్లు చెప్పిన కారణాలు మూడు. ఆ మాట మనం తరచుగా వాడకపోవడం, ఈమధ్య వాడకపోవడం, వయసు పైబడటం. కుర్రవాళ్లకు, నడివయసు వారికి, పెద్దలకు తలా ఒక పుస్తకం ఇచ్చి, నాలుగు వారాలపాటు ఎప్పుడు ఏ మాట ఇలా నోట్లో ఆడినా రాసుకోమన్నారు. పెద్దవాళ్ల పుస్తకాల్లో ఎక్కువ మాటలున్నాయి. అందులోనూ మనుషుల పేర్లే ఎక్కువ. అవీ బాగా ఎరిగినవాళ్లవే, ఈమధ్య చూడనివాళ్లవి. మా విశాలాక్షిగారి లాంటివారివన్నమాట. ఆ మాటల్లో చాలావరకు తర్వాత తమంతట తామే దొరికాయి కూడాను.

పేర్లకే ఈ కష్టం ఎందుకు? పేరుకు అర్థంతో పని లేదు కాబట్టి. ఒకాయన వృత్తి పూజారి అనుకోండి. గుడి, గంట, హారతి, తీర్థం అన్నీ ఆ మాటను లాక్కొస్తాయి. ఇంకొకాయన ఇంటిపేరు పూజారి. ఆయన బ్యాంకులో పని చేస్తాడు. ఆ ఇంటిపేరును లాగడానికి ఆయన దగ్గర గంటా లేదు, హారతీ లేదు. 1987లో ఇంగ్లండులో సరిగ్గా ఇలాంటి ప్రయోగమే చేశారు. ఒకే మాటను కొందరి ఫొటోలకు వృత్తిగాను, కొందరి ఫొటోలకు ఇంటిపేరుగాను చెప్పి తర్వాత అడిగితే, వృత్తిగా విన్నప్పుడు సులువుగా గుర్తొచ్చింది, పేరుగా విన్నప్పుడు రాలేదు. మాట అదే!

రేడియోలో విశాఖపట్నం అనగానే విశాలాక్షి ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందిగా? 'విశా' అన్న శబ్దం రెంటికీ ఒకటే. విశాఖపట్నం కోసం లాగిన తాడు విశాలాక్షిని కూడా కాస్త కదిలించింది. 2000లో బర్క్, లోరి జేమ్స్ కలిసి చేసిన ప్రయోగంలో, మాట కోసం తన్నుకులాడుతున్న వాళ్లచేత దాని శబ్దాలు కొన్ని కలిసిన వేరే మాటలు చదివిస్తే, అసలు మాట తొందరగా బయటపడింది. మనకు "ఉన్నట్టుండి దానంతటదే వచ్చింది" అనిపిస్తుంది గాని, చాలాసార్లు చెవిన పడ్డ ఏదో ఒక శబ్దం లోపల ఆ పని చేసిపెట్టి వుంటుంది.

ఇక వయసు సంగతి. 2007లో కేంబ్రిడ్జిలో మెరెడిత్ షాఫ్టో, మరికొందరు మెదడు చిత్రాలు తీసి చూశారు. ఎడమ కణత లోపల, మెదడు మడతల మధ్య దాగి ఇన్సులా అనే భాగం వుంటుంది. మాట శబ్దాలను కూర్చి పలికించే పనిలో దానికి వంతు వుంది. వయసుతో ఆ భాగం ఎవరిలో ఎక్కువ పల్చబడిందో వాళ్లకే మాటలు ఎక్కువగా నోట్లో చిక్కుకుంటున్నాయని తేలింది. జుట్టు నెరవడం, చూపు మందగించడం ఎలాంటివో ఇదీ అలాంటిదే. అయితే ఇక్కడొక మంచి కబురు వుంది, దాన్ని మనకెవరూ చెప్పరు. వయసుతో మాటలు తగ్గవు, పెరుగుతాయి! అమెరికాలోని సియాటిల్ నగరంలో వార్నర్ షాయ్ అనే ఆయన 1956లో మొదలుపెట్టి, అవే మనుషులను దశాబ్దాల తరబడి పరీక్షిస్తూ వచ్చాడు. పనిలో వేగం ముందుగానే తగ్గుతుంది గాని, మాటల అర్థాలు తెలియడం అరవై దాటినా గట్టిగానే నిలుస్తుందని ఆ పరిశీలనలో తేలింది. ఇరవై ఏళ్ల మనవరాలి కంటే డెబ్భై ఏళ్ల బామ్మ దగ్గర మాటల మూట పెద్దది. వెతికేచోటు పెద్దదైనప్పుడు వెతుకులాటకు కాస్త పొద్దు పట్టదూ?

మరి ఆ పెద్ద భయం? అమెరికాలోనే టిమోతీ సాల్ట్‌హౌస్, ఏరియల్ మాండెల్ అనేవారు 18 ఏళ్ల నుంచి 99 ఏళ్ల దాకా వున్న 700 మందికి పైగా మనుషులను పరీక్షించి 2013లో ఫలితం చెప్పారు. మాట నోట్లో ఆడటం వయసుతో పెరిగిన మాట నిజమే. కాని జరిగిన సంగతులు గుర్తుండకపోవడం, అంటే మతిపోయే జబ్బులో ముందుగా దెబ్బతినే ఆ శక్తి వుందే, దానికీ దీనికీ పెద్దగా ముడి కనబడలేదు. ఇవి రెండూ వేర్వేరు దారులు.

అన్నట్టు, ఒక బిడ్డను పిలవబోయి ముగ్గురి పేర్లూ పిలిచే తల్లులకు ఇంకో ఊరట. "శీనూ... రవీ... కాదు, ఒరే నువ్వే!" అని పిలిచి పిల్లలచేత నవ్వించుకుంటాం చూడండి, దానికి వయసుతో ఆట్టే పని లేదట. 2016లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 1,700 మందికి పైగా అడిగి చూస్తే, మనం ఇంట్లో మనిషిని ఇంట్లో ఇంకొకరి పేరుతోనే పిలుస్తాం, స్నేహితురాలిని ఇంకో స్నేహితురాలి పేరుతో పిలుస్తాం. ప్రేమగా చూసుకునేవాళ్లందరినీ మెదడు ఒకే అరలో పెట్టుకుంటుంది. ఆ అరలో పెంపుడు కుక్క కూడా వుంటుందట! పిల్లి మాత్రం చాలా అరుదు. ఎందుకో పిల్లినే అడగాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నేను కాలేజీలో మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పిన దాన్నే. అయినా మా ఇంట్లో జరిగింది నా కంటికి ఆనలేదు. మా అత్తగారికి అప్పుడు 74 ఏళ్లు. గోదావరి జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. కబుర్లు మొదలుపెడితే పొయ్యిమీద పాలు పొంగిపోవలసిందే. ఆవిడ మాటల మధ్యలో "అదేనే... అదీ... దాన్నేమంటారూ" అనడం ఎక్కువైంది. పిల్లలు లెక్కపెట్టేవాళ్లు. "బామ్మ ఇవాళ పదకొండు 'అదేనే'లు అంది!" అని భోజనాల దగ్గర ప్రకటించేవాళ్లు. అందరం నవ్వేవాళ్లం. ఆవిడా నవ్వేది. నేను పక్కనుంచి మాట అందించేసేదాన్ని, సాయం చేస్తున్నాననుకునేదాన్ని.

ఆ దసరాకి బొమ్మలకొలువు చూడటానికి వచ్చినవాళ్లతో ఆవిడ ఒక్కమాట మాట్లాడలేదు. గదిలోంచి రాలేదు. తర్వాత గమనిస్తే, ఎన్నో నెలలుగా ఆవిడ మాటలు తగ్గిపోతూ వచ్చాయి. ఫోన్ వస్తే తియ్యదు. ఏమన్నా అడిగితే ఊఁ, ఉహూఁ. ఒకరోజు తలదువ్వుతుంటే మెల్లిగా అంది: "నాకు మతి పోతోందిటే అమ్మాయ్. నలుగుర్లో పోకుండా చూసుకుంటున్నాను." నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

ఆలోచించండి. వాడని తాడే నీరసిస్తుందని కదా చెప్పుకున్నాం. తాడు నీరసించిందని భయపడి మనిషి నూతి దగ్గరకే వెళ్లడం మానేస్తే? మాట్లాడకపోతే మాటలు ఇంకా దూరమవుతాయి. అవి దూరమయ్యేకొద్దీ నోరు ఇంకా మూతపడుతుంది. మా నవ్వులు ఆవిడను ఆ గదిలోకి నెట్టాయి.

డాక్టరుకు చూపించాం. తేలిందేమిటంటే, సగం ఇబ్బంది చెవుల్లో వుంది! ఎదుటివాళ్ల మాట సరిగ్గా వినబడక, ఊహించుకుంటూ, ఆ శ్రమలో తన మాట వెతుక్కోలేకపోయేది. చెవికి మిషను పెట్టించాం. రక్తపరీక్షలో బి12 విటమిన్ తక్కువగా వుందని తెలిసింది. మాంసం, గుడ్లు తినని, పాలూ పెరుగూ కూడా తగ్గించేసిన పెద్దవాళ్లలో ఇది తరచుగా కనబడేదే. థైరాయిడ్ తగ్గినా, మనసు బాగా కుంగినా, నిద్రమాత్రలు, కొన్ని రకాల జలుబు మాత్రలు వాడుతున్నా కూడా మాట, జ్ఞాపకం మందగిస్తాయి. ఇవన్నీ సరిచెయ్యగలిగినవి. అందుకని "వయసైపోయిందిలే" అని వూరుకోవద్దంటాను.

సరే, మెదడుకు పని పెడితే మాటలు నిలుస్తాయా? దీన్ని చాలామంది చాలా తేలిగ్గా చెప్పేస్తారు. గళ్ల నుడికట్టు పూర్తిచేస్తే చాలు, జబ్బు దరికి రాదని. అంత సులువు కాదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో 75 ఏళ్లు దాటిన 469 మందిని ఏళ్లతరబడి గమనించి 2003లో ఫలితాలు ప్రకటించారు. పుస్తకాలు చదివేవాళ్లలో, చదరంగం లాంటివి ఆడేవాళ్లలో, వాయిద్యం వాయించేవాళ్లలో, నాట్యం చేసేవాళ్లలో మతిపోయే జబ్బు తక్కువగా కనిపించింది. బాగానే వుంది. కాని, ఆడటంవల్ల మెదడు బాగుందా, మెదడు బాగున్నవాళ్లే ఆడుతున్నారా? ఇది తేల్చడం కష్టం. 1999లో మరికొందరు పరిశోధకులు నుడికట్టు పూర్తిచెయ్యడంలో ఆరితేరిన వాళ్లను వయసులవారీగా చూస్తే, వాళ్లలో మిగతా చురుకుదనం తగ్గే తీరు అందరిలాగే వుంది. మరోవైపు, 2022లో జ్ఞాపకం కొద్దిగా మందగించిన 107 మందికి 78 వారాలపాటు కొందరికి నుడికట్టు, కొందరికి కంప్యూటరు ఆటలు ఇచ్చి చూస్తే నుడికట్టు వాళ్లే మెరుగ్గా నిలిచారు. కాబట్టి పూర్తిగా తీసిపారెయ్యనూ లేం.

వీటన్నిటికంటె నాకు నచ్చిన పరీక్ష ఇంకోటి వుంది. అమెరికాలో 65 ఏళ్లు దాటిన 2,800 మందికి పైగా పెద్దలను గుంపులుగా చేసి ఒక గుంపుకు జ్ఞాపకంలో, ఒక గుంపుకు తర్కంలో, ఒక గుంపుకు చూపు చురుకుదనంలో తర్ఫీదు ఇచ్చారు. 2002లో మొదటి ఫలితాలు వచ్చాయి. ఎవరు ఏది సాధన చేశారో వారు అందులోనే మెరుగయ్యారు. ఒకదాని లాభం ఇంకోదానికి పాకలేదు. ఇది మన వంటింటి న్యాయమే. రోజూ జంతికలు వత్తితే జంతికల్లో చెయ్యి తిరుగుతుంది గాని బొబ్బట్లలో తిరుగుతుందా?

మరి మాట నోటికి రావాలంటే ఏది సాధన చెయ్యాలి? నోటితో మాట తియ్యడమే. తెరమీద రంగుల బిళ్లలు కలిపే ఆటలు గంటలకొద్దీ ఆడినా ఆ చేంతాడు తడవదు. టీవీ చూడటం వినికిడే గాని పలుకుబడి కాదు. ఇక్కడ మన గృహిణుల పరిస్థితి ఒకసారి చూడండి. పొద్దున్నించి రాత్రిదాకా మనం వాడే మాటలెన్ని? కాఫీ తాగారా, గ్యాసు వచ్చిందా, బట్టలారేశావా, టిఫినుబాక్సు పెట్టుకున్నావా. రెండొందల మాటలతో సంసారం వెళ్లిపోతుంది! మిగతా వేల మాటలు అటకమీదే. పైకి చదవండి. పత్రికలో కథను పిల్లలకు మీ మాటల్లో చెప్పండి. పొడుపుకథలు వెయ్యండి, అంత్యాక్షరి ఆడండి. చూసొచ్చిన సినిమా కథ చెప్పేటప్పుడు "ఆ హీరోయిన్ లేదూ" అనకుండా పేర్లతో సహా చెప్పండి. పెళ్లికి బయల్దేరే ముందు అక్కడికి ఎవరెవరొస్తారో ఆ పేర్లు ఒకసారి పైకి అనుకోండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను. తాడును ముందే తడిపి పెట్టుకోవడం.

రెండు భాషలు మాట్లాడేవాళ్ల సంగతి చెప్పాలి. మన హైదరాబాదులోనే, నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, వారి తోటివారు మతిపోయే జబ్బు వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించారు. రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లలో ఆ జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడిమొహం చూడనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించడం విశేషం. అంటే కూరలబండి దగ్గర హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడే మామూలు మనిషికి కూడా ఎంతో కొంత మేలు వుండవచ్చన్నమాట. అన్ని దేశాల్లోనూ ఇదే ఫలితం రాలేదు, అదీ చెప్పాలి. అయినా పక్కింటి తమిళావిడ దగ్గర నాలుగు తమిళ మాటలు నేర్చుకుంటే మనకు పోయేదేముంది?

నడక మాట మరచిపోకండి. 2018లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంవారు చూస్తే, పెద్దవాళ్లలో ఎవరికి వ్యాయామంలో ఊపిరి, గుండె బాగా నిలబడతాయో వాళ్లకు మాటలు తక్కువగా నోట్లో చిక్కుకున్నాయి. రక్తపోటు, మధుమేహం అదుపులో పెట్టుకోవడం కూడా మెదడు రక్షణే. జ్ఞాపకశక్తి కోసమని అమ్మే మాత్రలు, లేహ్యాల మీద నాకు నమ్మకం లేదు. జింకో అనే చెట్టు ఆకుల సారాన్ని 3,000 మందికి పైగా పెద్దల మీద పరీక్షించి, జబ్బును ఆపలేదని 2008లోనే తేల్చారు. ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కోండి, నడవడానికి.

పేరు నోట్లో ఆడుతున్నప్పుడు ఏం చెయ్యాలి? తన్నుకులాడవద్దు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో కారిన్ హంఫ్రీస్, ఆమె శిష్యురాలు 2008లో ఒక తమాషా విషయం కనిపెట్టారు. మాట కోసం ఎంత ఎక్కువసేపు వెతుకుతూ ఇరుక్కుపోతే, తర్వాత అదే మాట దగ్గర మళ్లీ ఇరుక్కుపోవడం అంత ఎక్కువట. తప్పుదారినే మెదడు నేర్చేసుకుంటుంది. అందుకని కాసేపు చూసి, రాకపోతే అడిగెయ్యండి, లేదా సెల్‌ఫోనులో చూసెయ్యండి. దొరికాక పైకి రెండుసార్లు అనండి. పక్కనున్నవాళ్లకు ఒక మనవి. మాట మొత్తం లాక్కుని మీరు చెప్పెయ్యకండి. మొదటి అక్షరం అందివ్వండి. హంఫ్రీస్ బృందమే 2015లో చూసిందేమిటంటే, ఇలాంటి ఆసరాతో మనిషి తనే మాట పూర్తిచేసుకుంటే, ఆ మాట మళ్లీ చిక్కుకోవడం తగ్గుతుంది.

ఎప్పుడు భయపడాలో కూడా తెలిసుండాలి. తాళంచెవి ఎక్కడ పెట్టారో మరచిపోతే ఫరవాలేదు. తాళంచెవిని చేత్తో పట్టుకుని ఇది దేనికని అడిగితే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. విశాలాక్షి పేరు మరచిపోతే ఫరవాలేదు. గరిటె, మంచం, నీళ్లు లాంటి రోజువారీ మాటలే పోతుంటే, అడిగిందే గంటలో నాలుగుసార్లు అడుగుతుంటే, తెలిసిన వీధిలో దారి తప్పితే, నలభై ఏళ్లుగా చేస్తున్న పులిహోరలో తర్వాత ఏం వెయ్యాలో తోచకపోతే ఆలస్యం చెయ్యొద్దు. ఇక ఉన్నట్టుండి మాట ముద్దగా రావడం, మాటలే రాకపోవడం, మూతి ఒకపక్కకు పోవడం, చెయ్యి వాలిపోవడం పక్షవాతం లక్షణాలు. అప్పుడు రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. రక్తపు గడ్డను కరిగించే మందు సుమారు నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి.

మా అత్తగారు ఇప్పుడు మాట్లాడుతున్నారు. ఒక్కరోజులో కాలేదు. పిల్లలచేత క్షమించమని చెప్పించాను, నేనూ చెప్పాను. తర్వాత మా చిన్నది ఒక నోటుపుస్తకం తెచ్చుకుని, "బామ్మా, మీ ఊరి వంటింట్లో ఏమేముండేవో చెప్పు, రాసుకుంటా" అని కూర్చుంది. కవ్వం, ఉట్టి, తిరగలి, కుంపటి, గంగాళం, పొత్రం... ఆవిడ చెబుతుంటే అది రాస్తోంది. పాలు కాగబెట్టే గుంట దగ్గర ఆగిపోయింది. పెరట్లో గుంట తవ్వి, పిడకలు వేసి, సన్నని సెగ మీద కుండలో పాలు పెడితే సాయంత్రానికి ఎర్రగా మీగడ కట్టేదట. ఆ గుంటను ఏదో అంటారట. రాలేదు. నేను పట్నంలో పుట్టినదాన్ని, నాకు ఆ మాట తెలియదు, మొదటి అక్షరం అందివ్వడానికైనా. మావారికీ తెలియదు. ఆ మాట మా ఇంట్లో ఆవిడ ఒక్కరి దగ్గరే వుంది. "పోనీలే బామ్మా, అదే వస్తుంది" అని మా చిన్నది పుస్తకంలో ఒక గీత ఖాళీ వదిలింది.

మూడోరోజు తెల్లవారుజామున, ఇంకా వెలుగు రాలేదు, ఎవరో నా భుజం తట్టి లేపుతున్నారు. ఏమైందోనని గాభరాగా లేచాను. మంచం పక్కన మా అత్తగారు నిలబడి వున్నారు, నోరంతా నవ్వుతో.

"దాలి" అన్నారు.